మాస్టారి వ్యాన్: ఆగకూడని ఫ్రిజ్ చుట్టూ కట్టిన సోలార్ సిస్టమ్

మాస్టారు మా షాపుకి వచ్చేటప్పటికే నోటుబుక్కులో లెక్కలన్నీ రాసుకొచ్చారు. శ్రీకాకుళం దగ్గరి ఊళ్ళో హైస్కూలు హెడ్‌మాస్టరుగా చేసి రిటైరయ్యారు. స్కూలు బస్సుగా తిరిగిన పాత ట్రావెలర్ ఒకటి కొన్నారు. సీట్లు తీయించి మంచం, అలమర, చిన్న వంటగట్టు చేయించుకుంటున్నారు. కరెంటు పని ఒక్కటే మిగిలింది. బండి బాడీ మార్చాలంటే రవాణా శాఖ అనుమతి ఉండాలి, ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కాలి. అది ఉందో లేదో అడక్కుండా నేను ఏ బండినీ ముట్టుకోను. మాస్టారు ఆ కాగితాలు కూడా ఫైల్లో పెట్టుకుని తెచ్చారు. అక్కడే నాకు సగం టెన్షన్ తగ్గింది.

"సోలార్ ఎన్ని వాట్లు వేయమంటావు బాబూ?" అని అడిగారు.

అందరూ అడిగే మొదటి ప్రశ్న అదే. నేను తిరిగి అడిగేది ఇంకొకటి. "అర్ధరాత్రి బ్యాటరీ అయిపోయింది అనుకోండి మాస్టారూ. బండిలో ఏది ఆగితే మీకు నష్టం?"

ఆయన కాస్త ఆలోచించి "ఫ్యాన్" అన్నారు. పక్క కుర్చీలో కూర్చున్న అమ్మగారు అప్పటిదాకా మా గోడ మీద క్యాలెండర్ చూస్తున్నారు. అటే చూస్తూ "ఫ్రిజ్" అన్నారు. ఆవిడకి పన్నెండేళ్ళుగా షుగరు. రోజుకు రెండుసార్లు ఇన్సులిన్. నెలకు సరిపడా మందు వెంట తీసుకెళ్ళాలి.

ఈ సిస్టమ్ డిజైన్ ఆ ఒక్క మాటతో మొదలైంది. వాట్ల సంగతి తర్వాత.

మరో ప్రశ్న కూడా ఆయన నోటుబుక్కులో ఉంది: సబ్సిడీ వస్తుందా అని. పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకి 78,000 రూపాయలు ఇస్తున్నారని పేపర్లో చదివారట. అది ఇంటి కప్పు మీద పెట్టి గ్రిడ్‌కి కలిపిన సిస్టమ్‌కి మాస్టారూ, చక్రాలున్న కప్పుకి రాదు అని చెప్పాను. ఆయన ఆ లైను కొట్టేసి కింద రెండు గీతలు గీశారు. టీచరు అలవాటు.

ఏసీ పంచాయితీ

లోడ్ లెక్క రాయడానికి కూర్చుంటే ముందు ఏసీ దగ్గర ఆగిపోయాం. మాస్టారికి ఏసీ కావాలి. వైశాఖంలో మన తీరంలో రాత్రిళ్ళు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. ఎండ తగ్గినా ఉక్క తగ్గదు. ఆయన కోరికలో తప్పులేదు, లెక్కే ఒప్పుకోదు.

ముప్పావు టన్ను ఇన్వర్టర్ ఏసీ సగటున 500 వాట్లు లాగుతుంది అనుకుందాం. ఎనిమిది గంటలకి నాలుగు యూనిట్లు. బండి మీద పట్టే ప్యానెల్ ఎండ బాగున్న రోజున ఇచ్చేది యూనిటున్నర, మహా అయితే ఒకటీ ముప్పావు. అంటే రెండు మూడు రోజుల ఎండ పోగుచేస్తే గానీ ఒక రాత్రి ఏసీ నడవదు. అలా పోగుచేసే బ్యాటరీ కొంటే బరువూ, ఖర్చూ రెట్టింపు. పైగా రేకు బండి. ఇటుక గోడలున్న గదికి పనికొచ్చే టన్ను లెక్క ఎండలో నిలబెట్టిన రేకు డబ్బాకి చాలదు.

ఇదంతా కాగితం మీద చూపిస్తే మాస్టారు ఒప్పుకోలేదు, ఒప్పుకున్నట్టు మొహం పెట్టారు. అమ్మగారే తేల్చేశారు: "ఏసీ ఏటి బాబూ, ఏసీ కావాలంటే ఇంట్లోనే తొంగుంటాం గదా. బయటికెళ్ళేదే గాలికి."

ఏసీ మానేసి ఆ డబ్బులో కొంత లోపలి కప్పుకి, పక్కలకి 13 మిల్లీమీటర్ల నైట్రైల్ రబ్బరు షీటు అంటించడానికి వాడాం. కిటికీలకి దోమతెర. రెండు 12 వోల్టుల ఫ్యాన్లు. ప్యానెల్‌ని రేకుకి ఆనించకుండా మధ్యలో నాలుగు వేళ్ళ సందు వదిలాను. గాలి కింద నుంచి పోతే ప్యానెల్ చల్లబడుతుంది, కింద ఉన్న రేకుకి నీడా దొరుకుతుంది. బండి లోపల తేడా మధ్యాహ్నం చేత్తో ముట్టుకుంటేనే తెలుస్తుంది: ప్యానెల్ కింద ఉన్న కప్పు గోరువెచ్చగా, దాని పక్కనే నీడలేని కప్పు చెయ్యి పెట్టలేనంత వేడిగా.

ఇండక్షన్ స్టవ్ కూడా అడిగారు. దానికి అంత వాదన పడలేదు. చిన్న సిలిండరు, గ్యాస్ పొయ్యి.

రోజుకు ఎంత

ఫ్రిజ్ 45 లీటర్ల 12 వోల్టుల కంప్రెసర్ రకం. ఇంట్లో వాడే ఫ్రిజ్‌ని ఇన్వర్టర్ మీద నడపడం కంటే ఇది నయం. నడిచేటప్పుడు 50 వాట్లు. మన ఎండాకాలంలో సగం సేపు నడుస్తుందనుకుంటే రోజుకు 600 వాట్-అవర్లు, అంటే 0.6 యూనిట్. రెండు ఫ్యాన్లు రాత్రి ఎనిమిది గంటలకి 0.29. దీపాలు, ఫోన్లు, మాస్టారి రేడియో కలిపి 0.18. మిక్సీ పచ్చడికి ఎనిమిది నిమిషాలు, ఇన్వర్టర్ తినేదాంతో కలిపి 0.08. నీళ్ళ మోటారు లెక్కలోకి రానంత, 0.02. మొత్తం 1.17 యూనిట్లు.

ఇందులో చాలామంది వదిలేసేది ఒకటుంది. 1000 వాట్ల ఇన్వర్టర్ ఆన్‌లో ఉంటే ఏమీ వాడకపోయినా పది పన్నెండు వాట్లు తింటూనే ఉంటుంది. రోజంతా వదిలేస్తే 0.29 యూనిట్ దాకా. రెండు ఫ్యాన్లు రాత్రంతా తిరిగినంత. అందుకే ఇన్వర్టర్‌కి రిమోట్ స్విచ్ లాగి వంటగట్టు మీద, మిక్సీ పక్కనే పెట్టాను. మిక్సీ వేసేముందు ఆన్, అయ్యాక ఆఫ్. దీపాలు, ఫ్యాన్లు, ఫోన్ ఛార్జింగ్ అన్నీ నేరుగా 12 వోల్టుల మీదే.

అరసవల్లి సామి ఊళ్ళో ఎండకి లోటా?

ఈ మాట మాస్టారిదే. లోటు ఉంటుంది. శ్రీకాకుళం 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే నెల మధ్యలో ఒకసారి, జూలై ఆఖర్లో ఒకసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలబడతాడు. డిసెంబరు 21న మాత్రం మిట్టమధ్యాహ్నం కూడా 48 డిగ్రీల ఎత్తుకి మించి రాడు. ఇంటి మీదైతే ప్యానెల్‌ని దక్షిణానికి వాల్చి సర్దుకుంటాం. బండి ఏ దిక్కు తిరిగి ఆగుతుందో తెలియదు కాబట్టి పడుకోబెట్టాల్సిందే. అలా పడుకోబెట్టిన ప్యానెల్ మీద ఆ రోజు మధ్యాహ్నం పడేది నిటారు ఎండలో ముప్పావు వంతే.

అరసవల్లి మూలవిరాట్టు పాదాల మీద కిరణాలు పడేది మార్చి రెండో వారంలో, మళ్ళీ అక్టోబరు మొదట్లో. రెండుసార్లూ సూర్యుడు భూమధ్యరేఖకి కొంచెం దక్షిణంగా ఇంచుమించు ఒకే చోట ఉంటాడు, అందుకే తెల్లవారి ఒకే దారిలో లోపలికి వస్తాడు. ఆ గుడి కట్టినవాళ్ళు దిక్కు చూసుకుని కట్టారు. మనకి ఆ సౌకర్యం లేదు, మన కప్పు రోజూ తిరుగుతుంది అని మాస్టారితో అన్నాను. ఆయనకి ఈ పోలిక బాగా నచ్చింది. ఆ తర్వాత కప్పు మీద పనిలో ఏ సలహా ఇచ్చినా మారుమాట లేదు.

వేడి ఇంకో దెబ్బ. ప్యానెల్ మీద రాసే వాట్లు సెల్ వేడి 25 డిగ్రీలున్నప్పటివి. మే నెలలో సెల్ 65 దాటుతుంది. ఒక్కో డిగ్రీకి 0.35 శాతం చొప్పున పడిపోతే 14 శాతం అక్కడే పోయినట్టు. దుమ్ము, తీగల నష్టం, ప్యానెల్ కరెంటుని బ్యాటరీకి తగ్గట్టు మార్చే కంట్రోలర్ నష్టం కలిపి మొత్తం మీద ముప్పావు వంతు చేతికొస్తుందని లెక్క వేస్తాను. రోజుకి నాలుగు గంటల పూర్తి ఎండ. 540 వాట్ల ప్యానెల్ ఒకటి: 540 ఇంటూ 4 ఇంటూ 0.75, అంటే 1.6 యూనిట్లు. అవసరం 1.17. మబ్బు రోజులు తట్టుకోవడానికి ఆ తేడా ఉంటుంది.

రెండు మూడు చిన్న ప్యానెళ్ళు కాకుండా ఇంటి మీద వేసే పెద్దది ఒకటే ఎందుకంటే, వాటుకి రేటు తక్కువ, శ్రీకాకుళంలోనే దొరుకుతుంది, పగిలితే మర్నాడే మార్చొచ్చు. బరువు 28 కిలోలు. పొడవు రెండుంబావు మీటర్లు, వెడల్పు మీటరు మీద కొంచెం. బండి మధ్యగీత మీద పొడవునా పెడితే పక్కన గాలి కిటికీకి చోటు మిగిలింది. కంట్రోలర్ ప్యానెల్ వైపు 100 వోల్టుల దాకా తట్టుకునే, 50 ఆంపియర్ల ఎంపీపీటీ రకం, అంటే ప్యానెల్ ఇవ్వగలిగినంతా పిండుకునేది. ఈ ప్యానెల్ లోడ్ లేనప్పుడు ఇచ్చే వోల్టేజీ 50కి దగ్గర. అరకు చలిలో ఇంకో మూడు నాలుగు వోల్టులు పెరిగినా 100కి చాలా దూరం.

బిగింపు గురించి ఒక మాట. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఈ సైజు పలక మీద గాలి పట్టు దొరికితే 75 కిలోల పైచిలుకు బలం పడుతుంది. గాలి వేగం రెట్టింపైతే బలం నాలుగింతలు. 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు పలాస వైపు కప్పుల మీద నుంచి లేచిపోయిన రేకుల్ని, ప్యానెళ్ళని చూసినవాడిని. గమ్ము టేపుల మీద నాకు నమ్మకం లేదు. బాడీ షెడ్డులో అల్యూమినియం రెయిళ్ళని కప్పు పక్కటెముకలకి స్టీలు బోల్టులతో, లోపల పలక వేసి బిగించాం. ముందువైపు గాలి కిందికి దూరకుండా వాలు రేకు పెట్టాం.

బ్యాటరీ, అందులో దాచిన వాటా

మా ఊళ్ళో బ్యాటరీ అంటే ఇంట్లో ఇన్వర్టర్ కింద ఉండే లెడ్ రకం ట్యూబులరే. మాస్టారి తమ్ముడు కూడా 'రెండు ట్యూబులర్లు పడేయ్' అన్నాడు. ఇంటికి అది మంచి సరుకే. కానీ మనుషులు పడుకునే మూసిన బండిలో వద్దు. ఛార్జింగులో హైడ్రోజన్ వస్తుంది, ఘాటు రోడ్డులో యాసిడ్ తొణుకుతుంది, సగానికి మించి వాడితే ఆయుష్షు తగ్గుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ వాడాం. నాలుగు సెల్స్ వరసగా, 12.8 వోల్టులు, 280 ఆంపియర్ అవర్లు. 3.58 యూనిట్లు. ఎనభై శాతం వాడుకుంటే ఎండ అసలు లేకపోయినా రెండున్నర రోజులకి కొంచెం తక్కువ నడుస్తుంది. మంచం కింద, ఇంజను వేడికి దూరంగా పెట్టాం. ఈ సెల్స్‌కి మన ప్రాంతంలో చలి సమస్య కాదు, 45 డిగ్రీలు దాటిన వేడే సమస్య.

ఇక అమ్మగారి "ఫ్రిజ్" అన్న మాటకి నా సమాధానం. ఫ్రిజ్‌కి తీగ, ఫ్యూజు విడిగా పోతాయి. మిగతావన్నీ ఒక రిలే, అంటే తనంతట తానే పడే స్విచ్, వెనక ఉంటాయి. బ్యాటరీ 30 శాతానికి దిగగానే ఆ రిలే ఫ్యాన్లు, దీపాలు, ఛార్జర్లు, ఇన్వర్టర్ అన్నింటినీ కోసేస్తుంది. ఫ్రిజ్ ఒక్కటే మిగులుతుంది. 30 నుంచి 10 శాతం దాకా ఉన్న కరెంటు 0.7 యూనిట్ పైమాటే. ఫ్రిజ్ ఒక్కదానికి ఒక పగలూ ఒక రాత్రీ దాటి వస్తుంది.

ఇక్కడ చాలామంది వోల్టేజీ చూసి కోసే రిలే వాడతారు. లెడ్ బ్యాటరీకి అది పనిచేస్తుంది. ఈ రకం సెల్స్‌లో 80 శాతం దగ్గరా 40 శాతం దగ్గరా వోల్టేజీ ఇంచుమించు ఒకటే. వోల్టేజీ పడటం మొదలైందంటే అప్పటికే అడుగు కనబడుతున్నట్టు. అందుకే వచ్చే, పోయే ఆంపియర్లని లెక్కపెట్టే షంట్ మీటరు పెట్టి, దాని రిలేకి ముడిపెట్టాను. మీటరు డిస్‌ప్లే మంచం తలవైపు. ట్యాంకులో నీళ్ళెన్ని ఉన్నాయో చూసినట్టు చూసుకోవచ్చు.

దారిలో ఛార్జింగ్‌కి ఇంజను ఆల్టర్నేటర్ నుంచి 30 ఆంపియర్లకి మించి లాగనివ్వని డీసీ-డీసీ ఛార్జర్. నేరుగా కలిపేస్తే ఖాళీగా ఉన్న లిథియం బ్యాటరీ ఎంత ఇస్తే అంతా లాగేస్తుంది. ట్రాఫిక్‌లో ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఆల్టర్నేటర్ ఫ్యానూ నెమ్మదే కాబట్టి అది మాడిపోతుంది. 30 ఆంపియర్లంటే గంటకు 0.4 యూనిట్. మూడు గంటలు బండి నడిస్తే ఒక రోజు సరుకు వచ్చేసినట్టే.

ఫ్యూజుల విషయంలో బేరం ఆడను. బ్యాటరీ ప్లస్ దగ్గర జానెడు దూరంలోపే 150 ఆంపియర్ల క్లాస్-టీ ఫ్యూజు. ఈ సెల్స్ షార్ట్ అయితే వేల ఆంపియర్లు ఉరుకుతాయి, మామూలు ఫ్యూజు కరిగినా లోపల నిప్పురవ్వ ఆగదు. ఇన్వర్టర్ పూర్తి లోడ్‌లో 90 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి దానికి 35 స్క్వేర్ ఎంఎం రాగి తీగ, మీటరు లోపు పొడవు. తీగ చివర తొడిగే లగ్గులు హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కించాను. సుత్తితో కొట్టి బిగించిన లగ్గు ఇంట్లో పదేళ్ళు ఉంటుందేమో, బండి కుదుపుల్లో ఆరు నెలలు ఉండదు. ప్యానెల్ దగ్గర డీసీ ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్. ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీని ప్యానెల్‌కి పెట్టిన ఒక బండి రిపేరుకి వచ్చింది ఒకసారి. ఇళ్ళకి వచ్చే ఏసీ కరెంటు, అంటే అటూ ఇటూ మారే కరెంటు, సెకనుకు వందసార్లు సున్నాకి వస్తుంది, ఆ సందులో నిప్పు ఆరిపోతుంది. ప్యానెల్, బ్యాటరీ ఇచ్చే డీసీకి ఆ సందు లేదు. ఆ ఎంసీబీ తెరిస్తే లోపలి ప్లాస్టిక్ అంతా నల్లగా ముద్దయిపోయి ఉంది.

కళింగపట్నంలో రాత్రి రెండున్నర

ఇంత జాగ్రత్తగా చేశానని చెప్పుకుంటున్నాను కదా. మొదటి రాత్రే ఫ్రిజ్ ఆగిపోయింది.

ఏప్రిల్లో ఒక శనివారం ట్రయల్‌గా కళింగపట్నం వెళ్ళారు. రాత్రి రెండున్నరకి మాస్టారి ఫోన్. "ఫ్రిజ్ పీక్ పీక్ మంటోంది, ఎర్రలైటు వస్తోంది. మీటర్లో 86 శాతం ఉంది మరి." నిద్రమత్తులో నాకు తోచినవన్నీ అడిగాను. ఏదీ కలవలేదు. తెల్లారేసరికి మల్టీమీటరు, క్లాంప్ మీటరు సంచిలో వేసుకుని బండెక్కాను.

బ్యాటరీ దగ్గర 13.1 వోల్టులు, బంగారంలా ఉంది. ఫ్రిజ్ సాకెట్ దగ్గర కూడా 13.1. ఫ్రిజ్ స్విచ్ వేసి మీటరు మీద కన్ను పెట్టాను. కంప్రెసర్ కదలబోయిన ఆ క్షణంలో అంకె 10కి జారి, ఫ్రిజ్ పీక్ మని, మళ్ళీ 13.1కి లేచింది. మళ్ళీ ప్రయత్నం, మళ్ళీ 10. మూడోసారికి నాకు విషయం అర్థమై తల దించుకున్నాను.

కార్పెంటరు ప్లైవుడ్ కొట్టకముందే అలమర వెనక నుంచి ఇంటి వైరింగుకి వాడే 1.5 స్క్వేర్ ఎంఎం తీగ ఒకటి లాగి ఉంచాడు, దీపానికని. నా దగ్గర ఆ రోజు 6 ఎంఎం తీగ అయిపోయింది. మాస్టారు ముహూర్తం చూసుకున్నారు. ఈ ఒక్క రాత్రికి ఏమవుతుందిలే అని ఆ తీగకే, సిగరెట్ లైటర్ సాకెట్ పెట్టి, ఫ్రిజ్ కలిపేశాను. తీగ కప్పు మీదుగా తిరిగి వెళ్ళి తొమ్మిది మీటర్లు. పోనూ రానూ పద్దెనిమిది. రాగి లెక్క ప్రకారం 0.21 ఓమ్. లైటర్ సాకెట్ స్ప్రింగు దగ్గర ఇంకో 0.1. నడుస్తున్నప్పుడు 5 ఆంపియర్లకి వోల్టున్నర పోతుంది, సర్దుకుంటుంది. స్టార్ట్ అయ్యేటప్పుడు పది ఆంపియర్లు లాగితే మూడు వోల్టులు పోతాయి. ఫ్రిజ్‌లో బ్యాటరీ రక్షణ సెట్టింగు 'హై' మీద ఉంది, 11 దగ్గరే ఆపేస్తుంది. పగలు ఎందుకు నడిచిందంటే ఎండకి బ్యాటరీ లైను 14 వోల్టుల పైన ఉంది. చీకటి పడి 13కి దిగేసరికి దొరికిపోయాను.

బండిలో ఏది ఆగకూడదో అడిగి మరీ రాసుకున్నవాడిని, ఆ ఒక్కదానికే నాసి తీగ వేశాను.

అమ్మగారు ఒక్క మాట అనలేదు. టీ ఇచ్చి, కిటికీ దగ్గర ఉన్న చిన్న మట్టి ముంత చూపించారు. చుట్టూ తడి గుడ్డ చుట్టి, నోటి మీద ఇంకో తడి గుడ్డ కప్పి గాలి తగిలే చోట పెట్టారు. లోపల స్టీలు డబ్బా, అందులో ఇన్సులిన్. "మా యమ్మ వెన్న ఇలాగే ఉంచేది బాబూ" అన్నారు. నా దగ్గర ఉన్న థర్మామీటరు తీగ లోపలికి దించాను. బయట 29, ముంతలో 25. సముద్రం ఒడ్డున గాలిలో తేమ ఎక్కువ, నీరు అంతగా ఆవిరి కాదు కాబట్టి అంతకు మించి చల్లబడదు. అయినా ఆ నాలుగు డిగ్రీలు చిన్నవి కావు. వాడకంలో ఉన్న ఇన్సులిన్ చాలా రకాలు 30 డిగ్రీల లోపు నాలుగు వారాల దాకా బయట ఉంచుకోవచ్చు. విప్పనివే 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఆ రాత్రి సంగతి డాక్టరుకి ఫోన్ చేసి చెప్పి, ఆయన సరే అన్నాకే ఆ మందు వాడారు.

అదే రోజు బండిని షాపుకి తెప్పించి అలమర కింది పలక ఊడదీసి, నేల వెంబడి 6 ఎంఎం తీగ లాగాను. ఐదు మీటర్లు. పోనూ రానూ 0.03 ఓమ్ కూడా లేదు, స్టార్టింగులో మూడోవంతు వోల్టు కూడా పోదు. లైటర్ సాకెట్ తీసేసి గట్టిగా నొక్కుకునే పెద్ద ప్లగ్గు పెట్టాను. ఫ్రిజ్‌లో రక్షణ సెట్టింగు 'లో' మీదికి మార్చాను, బ్యాటరీని కాపాడటానికి దాని సొంత రక్షణ బోర్డు, బీఎంఎస్, ఎలాగూ ఉంది. పైబుట్టలో మందు, 5 డిగ్రీల సెట్టింగు. ఈ పెట్టె ఫ్రిజ్‌లలో అడుగున గడ్డ కట్టే ప్రమాదం ఉంది, గడ్డ కట్టిన ఇన్సులిన్ పారేయాల్సిందే. ఆ పనికి డబ్బులు తీసుకోలేదు.

కొబ్బరి చెట్టు, తడి ఇసుక

వాడకంలోకి వచ్చాక తెలిసిన సంగతులు రెండు. ఒకటి, మనిషి నీడ వెతుక్కుంటాడు, ప్యానెల్ ఎండ వెతుక్కుంటుంది. బారువ వెళ్ళినప్పుడు మాస్టారు శుభ్రంగా కొబ్బరితోటలో ఆపారు. ప్యానెల్ మీద ఒక మట్ట నీడ అడ్డంగా పడితే చాలు, పడిన మేర కంటే ఎక్కువే పడిపోతుంది. సెల్స్ అన్నీ గొలుసులా కలిపి ఉంటాయి, ఒక్క కడియం దగ్గర బిగిస్తే ఆ వరస మొత్తం బిగుసుకుంటుంది. కాయ పడితే ఆ సంగతి వేరు. ఈ నీడ బాధకి 100 వాట్ల మడత ప్యానెల్ ఒకటి, పది మీటర్ల తీగతో ఇచ్చాను. బండి నీడలో, ప్యానెల్ ఎండలో. పెద్ద ప్యానెల్‌తో దీని వోల్టేజీ కలవదు కాబట్టి దానికి వేరే చిన్న కంట్రోలర్. ఇది మొదటే పెట్టి ఉండాల్సింది.

రెండోది, బయటి ప్లగ్గు. లాడ్జీల దగ్గర 230 వోల్టులు తగిలించుకుని ఛార్జ్ చేసుకోవడానికి ఏర్పాటు చేశాను, కరెంటు లీకైతే కోసేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీతో. ఒకచోట తడి ఇసకలో వట్టికాళ్ళతో నిలబడి తలుపు పట్టుకుంటే జిల్లుమంటోందని ఫోన్ చేశారు. ఆ సాకెట్లో మూడో రంధ్రం ఉంది గానీ దాని వెనక ఎర్త్ తీగ లేదు. ఛార్జర్ లోపల ఉండే ఫిల్టర్ కెపాసిటర్లు ఎర్త్ దొరక్కపోతే బండి బాడీని సగం వోల్టేజీ దాకా, అంటే 115 దగ్గరికి ఎత్తి పెడతాయి. కరెంటు చాలా తక్కువ కాబట్టి జిల్లు వరకే. కానీ ఎర్త్ లేని బండిలో నిజంగా ఫేజు తగిలిన రోజు అది జిల్లుతో ఆగదు. సాకెట్ టెస్టరు ఒకటి కొనిచ్చాను. మూడు లైట్లు ఉంటాయి, ఎర్త్ లైటు వెలగకపోతే ప్లగ్గు పెట్టొద్దు. మాస్టారు ఇప్పుడు లాడ్జీ వాళ్ళకి కూడా దాంతో పాఠం చెబుతున్నారట.

మొత్తం ఖర్చు ఫ్రిజ్, రబ్బరు షీటు, మడత ప్యానెల్ కలుపుకుని రెండు లక్షల నలభై వేల దాకా అయింది. మూడో వంతు బ్యాటరీకే. ఆరు నెలలకోసారి బోల్టులు, లగ్గులు బిగించి, ఉప్పుగాలికి ప్యానెల్ కనెక్టర్లు పచ్చబడ్డాయేమో చూస్తాను.

మొన్న భాద్రపదంలో అల్పపీడనం పట్టినప్పుడు వాళ్ళు మళ్ళీ బారువలోనే ఉన్నారు. నాలుగు రోజులు బండి కదల్లేదు, ఎండ పొడ లేదు. మబ్బులో ప్యానెల్ రోజుకు అర యూనిట్ కూడా ఇవ్వలేదు. నాలుగో రాత్రి మూడింటికి ఫోన్.

"బాబూ, ఫ్యాన్లు, లైట్లు అన్నీ ఒక్కసారి ఆగిపోయాయి."

"మీటర్లో ఎంతుంది మాస్టారూ?"

"ముప్పై."

"ఫ్రిజ్?"

ఆయన లేచి చూడబోయే లోపే వెనక నుంచి అమ్మగారి గొంతు వినిపించింది. "నడుస్తోందని చెప్పండి. చెప్పి ఆ విసనకర్ర ఇలా ఇవ్వండి."